మధ్యలో దిగే టికెట్టు

ఇంటి నుంచి
జూన్ 2

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. ముందుగా నా చేతిరాతకు క్షమించండి. కోడి గెలికినట్టు ఉంటుందని మీకు తెలుసు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. ఊరి బడిలో ఐదో తరగతితో ఆపేసినవాణ్ణి. తప్పులుంటే మనసులోనే సరిచేసుకుని చదవండి. పక్కవాళ్లకు చూపించి నవ్వకండి.

మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను.

విషయం ఏమిటంటే, పట్నంలో నేను పాతికేళ్లు పనిచేసిన బైండింగు షాపు నుంచి కబురొచ్చింది. పెద్దాయన పోయాక ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. కోర్టువారి పాత రిజిస్టర్లు రెండు వందలు వచ్చాయట. విప్పి మళ్లీ చేత్తో కుట్టాలి. యంత్రం మీద జిగురుతో అతికిస్తే ఏడాది తిరక్కుండా ఆకులు రాలిపోతున్నాయట. చేత్తో కుట్టేవాళ్లు ఎవరూ మిగల్లేదు, మీరే రావాలి అన్నాడు. వారానికి మూడు రోజులు, నాలుగు నెలలు. సరే అన్నాను. సూదిలో దారం ఎక్కించడానికి కళ్లజోడు కావాలి గానీ చెయ్యి ఇంకా వణకడం లేదు.

పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఆ రైలెక్కాలి. ఏ టికెట్టు తీసుకుంటే కలిసొస్తుందో తెలియక మీకు రాస్తున్నాను. కౌంటరు దగ్గర అడిగితే వెనక జనం విసుక్కుంటారు. నాకు మాట తడబడుతుంది. ముప్పై నాలుగేళ్లు టికెట్లు అమ్మినవారు మీరు. మీకంటే ఎవరికి తెలుసు?

ఇంకొక్క మాట. ఏ టికెట్టు మీదైనా మధ్యలో దిగి తర్వాతి బండి ఎక్కవచ్చా? మీరు, అక్క కాపురమున్న ఊరి స్టేషనులో ఒకసారి దిగాలని ఉంది. అక్కను కాటికి సాగనంపిన రోజు తర్వాత నేనక్కడ అడుగు పెట్టలేదు.

మీ బావమరిది


విశ్రాంత ఉద్యోగుల వసతి, రెండో అంతస్తు
జూన్ 9

ఒరే మూగదొరా,

నీ ఉత్తరం చేరింది. డెబ్భై ఏళ్లకు నీకు ఉద్యోగమా! నోరు పెగలక పెళ్లి కూడా చేసుకోలేదు గానీ, పని మాత్రం నిన్ను వెతుక్కుంటూ వస్తోంది. నవ్వకండి అన్నావు కాబట్టి నవ్వాను. నా గదిలో ఉండే రిటైర్డు గార్డుకు కూడా చదివి వినిపించాను. ఆయన రోజుకు పన్నెండు గంటలు పడుకుంటాడు, నిద్రలో కూడా విజిల్ ఊదుతాడు. నీ ఉత్తరం కోసం లేచాడంటే అర్థం చేసుకో.

టికెట్టు సంగతి అడిగావు. శ్రద్ధగా విను. జనం చేసే పెద్ద పొరపాటు ఏమిటంటే పాసు అనగానే చవక అనుకుంటారు. పాసు ఎవరికి చవక? వారంలో ఆరు రోజులు తిరిగేవాడికి. నువ్వు వెళ్లేది మూడు రోజులు. నెలకు పదమూడు రోజులు వేసుకో, రాను పోను కలిపి ఇరవై ఆరు ప్రయాణాలు. నెల పాసు ధర ఇరవై నాలుగు టికెట్ల ధరతో సమానం. మిగిలేది రెండు టికెట్లు, అదీ నువ్వు ఒక్క రోజూ మానకుండా వెళితే. జలుబు చేసి రెండు రోజులు పడుకున్నావా, ఎదురు నష్టం. ఏ రోజుకారోజు రాను పోను టికెట్టు కొంటే నూటికి పది తగ్గిస్తారు. అది పెళ్లిళ్లకు వెళ్లేవాళ్ల టికెట్టు, పనికి వెళ్లేవాడిది కాదు. నీకు తగినది పది ప్రయాణాల కార్డు. పది గడులుంటాయి. ఎక్కినప్పుడల్లా ఒక గడికి చిల్లు పెడతారు. పదికి ఎనిమిది టికెట్ల ధరే తీసుకుంటారు. మూడు నెలల గడువు. నువ్వు జలుబు చేసి పడుకున్నా గడి ఎక్కడికీ పారిపోదు. కళ్లు మూసుకుని అదే కొను.

పట్నం చేరేసరికి ఎండ ఎడమ వైపు పడుతుంది. కుడి వైపు కూర్చో.

మోకాళ్లు నా మాట వినడం ఎప్పుడో మానేశాయి. తక్కినదంతా కులాసా.

నీ బావ


ఇంటి నుంచి
జూన్ 24

పూజ్యులైన బావగారికి,

మీరు చెప్పిన కార్డే కొన్నాను. కౌంటరులో అమ్మాయి, “తాతగారూ, మీకు దీని సంగతి ఎవరు చెప్పారు? అందరూ పాసు కోసమే ఎగబడతారు” అంది. “మా బావగారు” అన్నాను. కార్డు తీసుకుని వచ్చేశాను.

షాపులో నా పాత బల్ల అలాగే ఉంది. రిజిస్టర్ల వెన్ను చీల్చి, మడత పెట్టిన కాగితాల ఫారాలు విడదీసి, పాత జిగురు గోకి, మైనం రాసిన దారంతో మళ్లీ కుడుతున్నాను. రోజుకు నాలుగవుతాయి. లోపల ఏముందో చదవను. ఎప్పుడూ చదవలేదు. నా చేతుల మీదుగా ఎన్ని పుస్తకాలు పోయాయో. కుట్టాను, అంతే.

మధ్యలో దిగవచ్చా అని అడిగాను. మీరు మరిచిపోయినట్టున్నారు.

ఎందుకు అడుగుతున్నానంటే, పొద్దున ఏడు నలభైకి బండి మీ పాత స్టేషనులో ఒక్క నిమిషం ఆగుతుంది. మొదటి రోజు నేను కిటికీలోంచి చూశాను. చివరి బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. బండికి వీపు పెట్టి. నీలం శాలువా. ఎవరో ప్రయాణికురాలు అనుకున్నాను. బండి వచ్చినా లేవలేదు. రెండో రోజూ ఉంది. మూడో రోజూ ఉంది. ఈ ఎండల్లో శాలువా ఏమిటా అనుకున్నాను.

అక్క కూర్చునే పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. ఎడమ భుజం కాస్త పైకి.

మీ బావమరిది


వసతి గృహం
జూలై 1

ఒరే,

నీ కళ్లకు శుక్లాలు వచ్చాయి. ముందు వెళ్లి చూపించుకో. రిజిస్టర్లు కుట్టి కుట్టి సాయంత్రానికి నీకు ప్రతి మనిషీ ఒక ఫారంలా కనిపిస్తాడు. ప్రపంచంలో నీలం శాలువా ఒకరికే ఉంటుందా? ఎడమ భుజం పైకి ఎత్తి కూర్చునే ముసలమ్మలు ప్రతి స్టేషనులోనూ ఇద్దరుంటారు. ముప్పై నాలుగేళ్లు వాళ్లనే చూశాను.

కార్డు మీద మధ్యలో దిగితే ఒక గడి పోతుంది. మళ్లీ ఎక్కితే ఇంకో గడి. ఒక్క రోజు సరదాకు ఒక టికెట్టు దండగ. ఆ ఊళ్లో ఇప్పుడేముంది? మా ఇల్లు అమ్మేశాను. కొన్నవాడు పడగొట్టి సైకిళ్ల గోడౌను కట్టాడు. స్టేషను ముందు కొట్టు మూసేశారు. నువ్వు దిగి ఎవరిని చూస్తావు?

కుడి వైపు కూర్చోమని అందుకే చెప్పాను. ప్లాట్‌ఫారం ఎడమ వైపు వస్తుంది.

గార్డుకు జ్వరం. ఆయన మందులు నేనే చూసుకుంటున్నాను. తీరిక లేదు.

నీ బావ


షాపు మేడ మీది గది నుంచి, భోజనం వేళ
జూలై 15

బావగారికి,

కళ్లు చూపించుకున్నాను. శుక్లాలు లేవన్నారు.

కుడి వైపు కూర్చున్నాను. స్టేషను వచ్చినప్పుడు తల తిప్పలేదు. కానీ నా పక్క కిటికీ అద్దంలో ప్లాట్‌ఫారం నీడ పడుతుంది. అందులో కనబడింది. రెండు రోజులు అలా చూసి, దొంగలా ఎందుకు అని మళ్లీ ఎడమ వైపుకు మారాను.

నా పెట్టెలో రోజూ ఊలు అల్లే ఆవిడ ఒకరు వస్తారు. ఏదో ఆఫీసులో పని. నేను ధైర్యం చేసి అడిగాను. “అమ్మా, ఆ చివరి బెంచీ మీద ఎవరైనా ఉన్నారా?”

“ఏ బెంచీ?”

“అదిగో, నల్లా పక్కన.”

“బెంచీ ఉందండీ. ఎవరూ లేరు. ఏం, ఎవరైనా రావాలా మీకు?”

లేదన్నాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి మళ్లీ అల్లుకుంటూ కూర్చుంది.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పాలి. పద్నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. రాయడానికే మూడు కాగితాలు చింపాను.

ముందు నాకు మామూలు పాసు ఉండేది. వారానికి రెండు సాయంత్రాలు దిగి మీ ఇంటికి వచ్చి, తర్వాతి బండిలో వెళ్లేవాణ్ణి. తర్వాత మీరే నాకు నేరు పాసు రాసిచ్చారు. నాలుగో వంతు తక్కువ పడుతుంది, అయితే మధ్యలో దిగకూడదు అన్నారు. సరే అన్నాను. అప్పటి నుంచి అక్క రోజూ పొద్దున స్టేషనుకు వచ్చి నా కిటికీ దగ్గర నిలబడేది. ఒక్క నిమిషం. “తిన్నావా?” “తిన్నా.” “చొక్కా గుండీ ఊడింది చూడు.” “సాయంత్రం కుట్టుకుంటా.” అంతలో బండి కదిలేది. మూడు నెలలు అంతే మాట్లాడుకున్నాం. ఆదివారాలు వస్తే మీరు ఎదురుగా కూర్చునేవారు. మీ ముందు ఆమె ఏమీ చెప్పేది కాదు.

ఆఖరి రోజు అక్క కిటికీ కడ్డీ పట్టుకుంది. “ఇవాళ దిగరా, ఒక మాట చెప్పాలి” అంది.

నేను, “టికెట్టు ఒప్పుకోదక్కా” అన్నాను.

“ఒక్క రోజు రా.”

“పట్టుకుంటే జరిమానా వేస్తారక్కా. షాపులో ఆలస్యమవుతుంది. ఆదివారం వస్తాగా.”

కడ్డీ వదిలేసింది. బండి కదిలింది. వెనక్కి చూస్తే వెళ్లి ఆ చివరి బెంచీ మీద కూర్చుంటోంది. నాలుగు గంటలకు షాపుకు ఫోను వచ్చింది. గుండె ఆగిపోయింది, బెంచీ మీదే పోయింది అన్నారు.

ఆ మాట ఏమిటో నాకు తెలియదు. అది తెలుసుకోవాలి, బావగారూ. నాకు ఇంకే కోరికా లేదు. అందుకే దిగాలంటున్నాను.

ఇంకొకటి. ఆ రోజు నేను చూడనిది ఇప్పుడు చూస్తున్నాను. బెంచీ మీద ఆమె పక్కన గుడ్డ సంచి ఉంది. దాని పిడి తెగితే పచ్చ నాడాతో కట్టినట్టుంది.

మీ బావమరిది


వసతి గృహం
జూలై 21

పచ్చ నాడా సంగతి నీకెవరు చెప్పారు? ఎవరో చెప్పి ఉండాలి. ఎవరో రాయి.

బావ


ఇంటి నుంచి
జూలై 27

బావగారికి,

ఎవరూ చెప్పలేదు. నేను మాట్లాడేది ఎవరితో? మీకు తెలియనిది కాదు.

కిటికీలోంచి చూశాను. ఈ వారం కూడా ఉంది. నాడా రెండు చుట్లు చుట్టి ముడి వేసి ఉంది. కొస పొడవుగా వదిలేశారు.

రాయకూడనిది ఏమైనా రాశానా? రాసి ఉంటే పెద్దవారు, మన్నించండి.

మీ బావమరిది


ఇంటి నుంచి
ఆగస్టు 19

బావగారికి,

మూడు వారాలైంది, మీ నుంచి జవాబు లేదు. గార్డుగారికి జ్వరం తగ్గిందా? మీకేమైనా ఒంట్లో బాగుండలేదా? వసతి వారికి ఫోను చేద్దామనుకున్నాను. ఫోనులో నాకు మాట రాదు. చేసి, ఎవరో “హలో” అనగానే పెట్టేశాను. అది మీరే అయితే క్షమించండి.

రిజిస్టర్లు సగం పైన అయ్యాయి. పని అయిపోతే ఇక నేను ఆ రైలెక్కను. ఈ వయసులో మళ్లీ ఎవరు పిలుస్తారు? ఈ రెండు నెలలే ఉన్నాయి నాకు.

బండి ఆగినప్పుడు నేను రెండుసార్లు తలుపు దాకా వెళ్లాను. ఊలు అల్లే ఆవిడ, “తాతగారూ, మీది ఇది కాదు కదా” అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చేతిలో కార్డు ఉంది. గడి పోతే పోయింది. అయినా కాలు కదల్లేదు. దిగకూడదు అన్న మాట ఒకసారి చెవిలో పడిందంటే నా కాళ్లు అదే పట్టుకుంటాయి. నా సంగతి మీకు తెలుసు.

బెంచీ మీద మనిషి ఇంకా వెనక్కి తిరగలేదు. తిరుగుతుందేమోనని భయం. తిరగదేమోనని కూడా భయమే.

ఒక్క ముక్క రాయండి.

మీ బావమరిది


వసతి గృహం
ఆగస్టు 30

తమ్ముడూ,

నిన్ను ఎప్పుడూ ఇలా పిలవలేదు. ఇవాళ వెటకారం రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోను ఎత్తింది నేనే. నీ ఊపిరి గుర్తుపట్టాను. నేనూ ఏమీ అనలేకపోయాను.

పచ్చ నాడా మా ఆఫీసుది. అమ్ముడుపోయిన టికెట్ల కట్టలు కట్టడానికి ఇచ్చేవారు. మీ అక్క సంచి పిడి తెగితే నేనే తెచ్చి కట్టాను. కొస పొడవుగా వదలడం నా అలవాటు, కట్ట విప్పేటప్పుడు అందడానికి. ఆ సంచి ఆ రోజు బెంచీ మీద ఉంది. నేను రాత్రి డ్యూటీ దిగి ఇంట్లో పడుకున్నాను, కౌంటరులో ఇంకొకరున్నారు. నాకు కబురంది వెళ్లేసరికి మూడున్నర. మొదట సంచి తీసి పార్సిలు గదిలో పెట్టాను. తర్వాతే అందరినీ పిలిచాను. అది ఇంకెవరూ చూడలేదు. అందుకే నీ ఉత్తరం చదివి నెల రోజులు నిద్ర పోలేదు.

సంచిలో రెండు జతల బట్టలు, దువ్వెన, కళ్లజోడు. పిడికిలిలో టికెట్టు. ఆ రోజు తేదీ. మీ ఊరికి. ఒంటి టికెట్టు. రాను పోను కలిపి కొంటే చవకని నాతో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి తెలియదా? తెలిసే పోను మాత్రం కొంది. నీకు చెప్పాలనుకున్న మాట అదే. నీ దగ్గరికి వచ్చేస్తానని. నన్ను తీసుకుపో అని. టికెట్టు ఇప్పటికీ నా పింఛను కాగితాల మధ్య ఉంది.

ఇది సగమే. అసలు తప్పు ఇంకోటుంది.

నేరు పాసు మీద కుడి చేతి వైపు కింద ఒక గడి ఉండేది. పైన ‘మధ్య స్టేషను’ అని అచ్చు. అడిగినవాడికి అందులో ఒక స్టేషను పేరు రాసి ముద్ర వేసి ఇవ్వాలి. ఆ ఒక్క చోట ఎన్నిసార్లైనా దిగవచ్చు, ఎక్కవచ్చు. పైసా ఎక్కువ కట్టక్కర్లేదు. నీ పాసు రాస్తూ ఆ గడిలో అడ్డంగా గీత గీశాను. నువ్వు, “ఈ గీత ఏమిటి బావగారూ?” అని అడిగావు. “మధ్యలో దిగకూడదని” అన్నాను. నువ్వు అదే నమ్మావు. వెనక నిబంధనలన్నీ అచ్చులో ఉన్నాయి. తిప్పి చదవవని నాకు తెలుసు. రోజంతా పుస్తకాల మధ్య ఉండి ఒక్కటీ తెరవనివాడివి.

ఎందుకు చేశానంటావు. అప్పటికి మీ అక్కతో నేను మాట మానేసి అయిదు నెలలు. ఆమె పోయేనాటికి ఎనిమిది. కారణం చెబితే నవ్వుతావు. ఎవరో ఇంటికొచ్చినప్పుడు, “ఈయన నోరంతా కౌంటరులోనే. ఇంట్లో గోడకీ ఈయనకీ తేడా లేదు” అని నలుగురిలో అంది. అందరూ నవ్వారు. సరే, గోడ ఎలా ఉంటుందో చూపిద్దామనుకున్నాను. నాలుగు రోజులు అనుకున్నాను. నాలుగు రోజులు నెల అయింది. ఆ తర్వాత నోరు తెరుద్దామంటే మొదటి మాట దొరకలేదు. కావలసినవి రద్దయిన టికెట్ల వెనక రాసి బల్ల మీద పెట్టేవాణ్ణి. ‘ఉప్పు అయిపోయింది.’ ‘రేపు ఆలస్యం.’ ఆమె మొదట్లో మాట్లాడుతూనే ఉండేది. తర్వాత ఆమె కూడా మానేసింది.

నువ్వు వచ్చిన సాయంత్రాల్లో వంటింట్లో నీకు ఇదంతా చెప్పుకునేది. నువ్వు ఏమీ అనేవాడివి కాదు. వెళ్లేటప్పుడు నా వంక చూసి, “వస్తాను బావగారూ” అనేవాడివి. ఆ చూపు నాకు గుచ్చుకునేది. తిట్టినా బాగుండేది. అందుకే గీత గీశాను.

మొదటి ఉత్తరంలో నువ్వు దిగవచ్చా అని అడిగినప్పుడు ఆ ప్రశ్న చూడనట్టే వదిలేశాను. కార్డు కొనమన్నది నీ లాభం కోసం కాదు. గడి పోతుందన్న భయంతో నువ్వు దిగవని. పద్నాలుగేళ్ల తర్వాత కూడా నీకు మళ్లీ అదే పని చేశాను. నేను వేసిన లెక్కలు తప్పు కావు. వేసినవాడు తప్పు.

నెల పాసు కొను. ఖర్చెక్కువే, అయినా కొను. ఎక్కడైనా దిగవచ్చు. నేను చెప్పానని నమ్మకు. కౌంటరులో అమ్మాయిని అడుగు. వెనక అచ్చులో ఉంటుంది, ఆమెతో చదివించుకో.

నన్ను క్షమించమని రాయను.

నీ బావ


ఇంటి నుంచి
సెప్టెంబరు 22

బావగారికి,

మీ ఉత్తరం అందింది. వెంటనే రాయలేకపోయాను. కోపం వచ్చింది. నాకు కోపం వస్తే ఏం చెయ్యాలో తెలియదు. రెండు రిజిస్టర్లు తలకిందులుగా కుట్టాను. షాపు అబ్బాయి, “ఏంటి పెద్దాయనా, మీరేనా?” అన్నాడు. విప్పి మళ్లీ కుట్టాను. దారం విప్పుతూ కూర్చుంటే కొంత తగ్గింది. అంతా తగ్గలేదు.

నెల పాసు కొన్నాను. అమ్మాయిని అడిగాను. “ఎక్కడైనా దిగండి తాతగారూ, ఎన్నిసార్లైనా” అని వెనక వైపు చదివి వినిపించింది. వెనక జనం విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను.

సోమవారం పొద్దున దిగాను. నేను మెట్టు దిగేదాకా నీలం శాలువా కనబడుతూనే ఉంది. కాలు నేల మీద పెట్టి తల ఎత్తితే బెంచీ ఖాళీ. బండి వెళ్లిపోయింది. వెళ్లి కూర్చున్నాను. అక్కడ ఇంకా ఎండ పడలేదు. బెంచీ పలక మాత్రం, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు వెచ్చగా ఉంది.

ప్లాట్‌ఫారం ఊడ్చే ఆవిడ వచ్చి, “కాళ్లు ఎత్తండి తాతా” అంది. ఎత్తాను. నేను అడగలేదు. ఆవిడే మాట కలిపింది. పదిహేనేళ్లుగా అక్కడే ఊడుస్తోందట. “ఈ బెంచీ మీద ఎవరూ కూర్చోరు. వచ్చిన కొత్తల్లో ఒక పెద్దమ్మ ఇక్కడే పోయింది” అంది.

“మా అక్క” అన్నాను.

ఆవిడ చీపురు పక్కన పెట్టి నేల మీద కూర్చుంది.

“మీరేనా కిటికీ తమ్ముడు? ఆ రోజు మధ్యాహ్నం నేను అడిగాను. పొద్దుట్నుంచీ కూర్చున్నావు, ఇంటికి పోవా పెద్దమ్మా అని. సాయంత్రం బండికి పోతా అంది. మా తమ్ముడు ఆ బండిలోనే వస్తాడు, వాడు దిగలేడు పాపం, వాడికి రూలంటే భయం, నేనే ఎక్కుతా అంది. నవ్వుతూనే అంది. టికెట్టు తీసి నాకు చూపించింది కూడా.”

“ఏడ్చిందా?” అని అడిగాను.

“ఏడుపా? లేదే. ఒక్క మాటే రెండుసార్లు అంది. మా ఇంట్లో గోడ ఎప్పటికైనా పలుకుతుందేమోనని చూశానమ్మా, ఇక చూడను అని. నాకు అర్థం కాలేదు. మతి చెడిందేమో అనుకున్నా.”

ఇది మీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. దాస్తే మీకూ నాకూ తేడా ఏముంది? రాశాను.

ఆమె నా కోసం కూర్చోలేదు బావగారూ. సాయంత్రం బండి కోసం కూర్చుంది. నేను దిగనందుకు కాదు. అది తెలిశాక నాకు గుండె మీద బరువు దిగింది. వెంటనే ఇంకోటి తోచింది. సాయంత్రం బండి ఇన్నేళ్లుగా అక్కడ ఆగుతూనే ఉంది, నేను మాత్రం అందులో లేను. ఈ మూడు నెలలు వస్తున్నాను గానీ, పని చేసి అలిసి, అక్కడికి వచ్చేసరికి రోజూ నిద్రలో ఉంటున్నాను.

తర్వాతి బండిలో షాపుకు వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు ఆ సాయంత్రం నిద్రపోలేదు. ఆరుకు పది నిమిషాలుండగా బండి ఆగింది. తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ ఎక్కలేదు. బండి కదిలాక వచ్చి నా చోట కూర్చున్నాను. పక్క సీటు ఖాళీ. ఊలు అల్లే ఆవిడ ఎండ పడుతోందని లేచి ఇటు వచ్చింది. కూర్చోబోయి ఆగిపోయింది.

“అయ్యో, మీవాళ్లున్నారా? చూసుకోలేదండీ” అని అవతలి వరసకు వెళ్లిపోయింది.

నేను పక్కకు తిరిగి చూడలేదు. మా ఊరి దాకా తిన్నగా కూర్చున్నాను. దిగి నడుస్తుంటే వెనక చెప్పుల చప్పుడు. ఎడమ చెప్పు కాస్త ఈడుస్తూ. ఇంటికి వచ్చి తలుపు తీసి, పక్కకు జరిగి, కొంచెంసేపు ఆగి, తర్వాత నేను లోపలికి వెళ్లాను.

ఆ రోజు నుంచి పొద్దున బెంచీ ఖాళీగానే ఉంటోంది.

మా ఇంట్లో కుర్చీలు రెండు. ఒకటి ఎప్పుడూ బట్టలు వేసుకోవడానికే. బట్టలు తీసేశాను. పని నుంచి వచ్చాక ఎదురుగా కూర్చుంటున్నాను. భయం వెయ్యడం లేదు. కానీ గదిలో ఎవరో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది, బావగారూ. నా మాట కోసం కాదు. నేను “తిన్నావా అక్కా” అని ఒకసారి అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. అది చాలినట్టు లేదు. నాకు మాటలు లేవు. ఉన్నవి ఏనాడూ నోటి దాకా రాలేదు.

మీకు ఉన్నాయి. నాకు రాసిన ఉత్తరాల్లో ఎన్ని ఉన్నాయో చూసుకోండి. మొదటి మాట దొరకలేదన్నారు. ఏదైనా పరవాలేదు. ఉప్పు అయిపోయింది అని అయినా సరే, నోటితో అనండి.

మీ మోకాళ్లకు మెట్లు కష్టం. స్టేషనుకు నేను వస్తాను, పట్టుకుంటాను. రెండో కుర్చీలో మీరు కూర్చోకండి. మీకు ఇంకోటి తెస్తాను.

ఏ బండికి బయలుదేరుతున్నారో రాయండి. ఆలస్యం చెయ్యకండి. ఈ ఉత్తరం చేతికి అందిన రోజే జవాబు రాయండి.

మీ బావమరిది